తరగతి ముగిశాక మొదలయ్యే చదువు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

విశాఖలో ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే మనం ఉక్కు, ఓడరేవు, పరవాడ మందుల కర్మాగారాల నుంచి రుషికొండ ఐటీ ఆఫీసుల దాకా తలో చోట పనిచేస్తున్నాం. అందరికీ ఉన్న చిక్కు ఒకటే. రెండు రోజుల తరగతి అయిపోతుంది, బాగుందని అందరూ ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాస్తారు, నెల తిరిగేసరికి పాత పద్ధతే నడుస్తుంటుంది. అందుకే ఈ ఏడాది స్లైడ్ల సంగతి పక్కన పెట్టి, పనిచేసేవాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే ఏర్పాట్ల మీదే సంఘం పనిచేసింది.

తరగతి గదికి ఎంచుకున్నది పక్కవారితో చర్చ. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు తెర మీద పెట్టి, ఎవరికి వారు ఒకటి రెండు నిమిషాలు ఆలోచించాక తమ జవాబు చూపే కార్డు ఎత్తమనాలి. సరైన జవాబు 30 శాతం లోపు వస్తే పాఠం మళ్లీ చెప్పాలి. 70 దాటితే క్లుప్తంగా వివరించి ముందుకు సాగాలి. ఈ రెంటికీ మధ్య ఉంటేనే, వేరే జవాబు ఎంచుకున్నవారితో రెండు మూడు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ కార్డు ఎత్తించాలి. మొదటి ఓటు కాగానే ట్రైనర్ ఆగలేక జవాబు చెప్పేస్తే ఇక చర్చే ఉండదు. సూపర్‌వైజరు పక్కన ఆపరేటరును కూర్చోబెట్టినా అంతే, ఆయన ఎత్తిన కార్డే ఈయనా ఎత్తుతాడు.

అసలు కష్టం ఆన్‌లైన్ బృందాలది. తరగతి అయ్యాక గ్రూపు పెట్టి ‘మీ అనుభవాలు పంచుకోండి’ అంటే, పది రోజుల్లో అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలే మిగులుతాయి. పై అధికారి చూస్తుండగా ఏం రాయాలో ఎవరికీ తోచదు. పని చేస్తూ నేర్చుకోవడంపై జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో లైబీరియా దర్జీల సంగతి ఉంది. అక్కడ కొత్తగా చేరినవాడికి ముందు గుండీలు కుట్టడం, అంచులు మడవడం ఇస్తారు. గుడ్డ కత్తిరించడం చివరికి వస్తుంది, అక్కడ తప్పితే గుడ్డే పాడవుతుంది కాబట్టి. బృందాన్నీ అలాగే నడపాలి. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. మొదటి వారం రెండు ఫోటోలు పెట్టి ఏది సరైనదో చెప్పమనాలి. రెండో వారం తమ యంత్రం రీడింగు ఒకటి పెట్టమనాలి. మూడో వారానికి గానీ సొంత సమస్య అడగకూడదు, అదీ మూడు వాక్యాల్లో: ఏం జరిగింది, ఏం చేసి చూశాను, ఇప్పుడెలా ఉంది. ‘పంపు కారుతోంది’ అంటే ఎవరూ పలకరు. ‘గ్లాండ్ (పంపు ఇరుసు చుట్టూ ప్యాకింగ్‌ను నొక్కి ఉంచే భాగం) నట్లు బిగించాను, కారడం ఆగింది, కానీ గ్లాండ్ వేడెక్కుతోంది’ అంటే, చుక్కలు పడుతూ ఉండాలని, పూర్తిగా ఆపితే ప్యాకింగ్ మాడిపోతుందని పాత ఫిట్టరు వెంటనే చెబుతాడు.

ఎ, బి, సి షిఫ్టులు మూడూ ప్రశ్న చూసేదాకా, అంటే 24 గంటలు, ట్రైనర్ జవాబివ్వకూడదు. ప్రాణాపాయం ఉన్న విషయమైతే మాత్రం క్షణం ఆగకూడదు. ప్రమాదకర వాయువులుండే చోట ఫోన్లు నిషేధం కాబట్టి, ప్రశ్నను చీటీ మీద రాసుకుని గేటు బయటికొచ్చాక పెట్టాలి. కర్మాగారం లోపలి ఫోటోకు అనుమతి తప్పనిసరి. గ్రూపులో చేరితే ఫోన్ నంబరు అందరికీ కనబడుతుంది. ఇష్టం లేనివారిని, ముఖ్యంగా మహిళలను, బలవంతపెట్టవద్దు. తేలిన జవాబులు చాట్‌లో కూరుకుపోకుండా వారానికొకరు వంతులవారీగా వాటిని ఒకే పత్రంలోకి ఎక్కించాలి. మనం అన్నిటికన్నా వెనకబడింది ఈ పనిలోనే.

సదస్సులకు హారిసన్ ఓవెన్ 1985లో మొదలుపెట్టిన ఓపెన్ స్పేస్ పద్ధతిని సూచిస్తున్నాం. కుర్చీలు గుండ్రంగా వేసి, గోడ మీద సమయం, చోటు చూపే గళ్ల పట్టిక అంటించాలి. చర్చించాలనుకున్నవారు విషయం కాగితం మీద రాసి, లేచి ప్రకటించి, ఒక గడిలో అతికించాలి. తనకు నేర్చుకునేదీ చెప్పేదీ లేదనిపిస్తే ఎవరైనా లేచి మరో గుంపుకు వెళ్లవచ్చు. పెద్దవారు మాట్లాడుతుంటే లేవడానికి మనవాళ్లకు మొహమాటం. అందుకే ప్రతి ఇరవై నిమిషాలకు గంట కొట్టాలి. దూరం నుంచి ఆన్‌లైన్‌లో చేరినవారికి ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ వినబడదు. గుంపుకొక మైకు పెట్టి, వారు రాసింది చదివి వినిపించడానికి గదిలో ఒక మనిషిని ఉంచాలి.

డోనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా విడదీశారు: నచ్చిందా, నేర్చారా, పనిలో పాటిస్తున్నారా, సంస్థకు మేలు జరిగిందా. మన ఫారాలు మొదటి మెట్టు దాటడం లేదు. వచ్చే ఏడాది మూడో మెట్టు కొలుద్దాం. తరగతి అయిన ఆరు వారాలకు పనిచోటికి వెళ్లి, ఐదు అంశాల పట్టికతో చూసి రాయాలి. ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తమ విభాగానికి పనికొచ్చే పట్టికను తెలుగులో రాసి సర్వసభ్య సమావేశానికి తేవాలి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం.

కార్యవర్గం, విశాఖపట్నం