ఆటల పీరియడ్‌లో ఆట ఉండాలి
చిన్న తరగతుల ఆటల పీరియడ్‌లో పిల్లలు ఆడే సమయం కంటే వరసలో నిలబడి ఎదురుచూసే సమయమే ఎక్కువవుతోంది. తరగతి మొత్తానికి ఒకే బంతి, ఒకే వరస. తన వంతు వచ్చేలోపు ఆరేళ్ల పిల్లవాడు పక్కవాణ్ని తోస్తాడు, మాస్టారు అరుస్తారు, అల్లరి చేశాడని ఓ మూల కూర్చోబెడతారు. కుదురుగా ఉండలేని పిల్లవాడికి ఆటే లేకుండా చేయడం ఏం న్యాయం? ఓడినవాళ్లను బయటికి పంపే ఆటలూ అంతే, ఎక్కువ సాధన అవసరమైన పిల్లలే అందరికన్నా ముందు అవుటై కూర్చుంటున్నారు. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇలాగైతే అందులో బడి వాటా నామమాత్రమే. నియమాలు తప్పకుండా ఉండాలి, కానీ నాలుగైదు చాలు: మైదానంలోకి రాగానే నేల మీద గీసిన తన గుర్తు దగ్గరికి వెళ్లడం, విజిల్ వినగానే ఆగి బంతి కింద పెట్టడం, చేతులు చాచినా ఎదుటివారికి తగలనంత దూరంలో ఉండటం వంటివి. వీటిని చదివి వినిపిస్తే సరిపోదు, ఏడాది మొదటి రెండు వారాలు ఆటలాగే సాధన చేయించాలి. విజిల్‌కు ఆగడం అలవాటైతే మాస్టారికి గొంతు చించుకునే పని ఉండదు. పిల్లల్ని నలుగురైదుగురి జట్లుగా విడదీసి జట్టుకో బంతి ఇవ్వాలి, చాలకపోతే గుడ్డ బంతులైనా సరే. అవుటైనవాళ్లు పది గెంతులు వేసి మళ్లీ ఆటలోకి రావాలి. లెక్కలు పూర్తి కాలేదని ఆటల పీరియడ్ లాగేసుకోవడాన్ని ప్రధానోపాధ్యాయులు వెంటనే ఆపించాలి.