ఇటుక నేలకు యాసిడ్, సిమెంటు వద్దు

సంపాదకులకు నమస్కారం.

పాతబస్తీలో మిగిలిన దేవిడీలను, అంటే నవాబుల కాలంనాటి పెద్ద ఇళ్లను, కూల్చకుండా బాగుచేయించుకుందామనుకునేవారు ఇంకా ఉండటం సంతోషమే అయినా, ఆ ఇళ్లలోని ఇటుక నేలలను శుభ్రం చేయిస్తున్న తీరు చూస్తే మనసు కలుక్కుమంటోంది. మా బంధువుల ఇంట్లో పెళ్లి దగ్గరపడిందని, వరండాలోని నేలను ఒక కాంట్రాక్టరు యాసిడ్‌తో కడిగించి, సందులన్నీ సిమెంటుతో పూడ్పించాడు. పెళ్లినాటికి ఎర్రగా మెరిసిన ఆ నేల మీద వానలు వెలిసేసరికి తెల్లటి ఉప్పు తేలింది. సిమెంటు గీతలు చెక్కుచెదరలేదు గానీ, వాటి పక్కనున్న ఇటుకల అంచులు పెచ్చులుగా ఊడి గుంటలు పడ్డాయి.

పాత ఇటుకలను పట్టి ఉంచేది సున్నం. యాసిడ్ ఆ సున్నాన్ని తినేస్తుంది, అప్పుడు పుట్టే లవణాలు ఇటుకలోకి ఇంకిపోతాయి. భూమిలోంచి ఎక్కే చెమ్మ మెత్తని సున్నపు సందుల గుండా ఆరిపోవలసి ఉండగా, సిమెంటు ఆ దారి మూసేయడంతో అది ఇటుకలోంచే బయటికి వస్తుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పు పైపొర కింద పలుకులు కట్టి ఇటుకను పగలదీస్తుంది. నేల నున్నగా రావాలని మిషన్‌తో అరగదీయించడం మరీ అన్యాయం, ఎందుకంటే బట్టీలో కాలి గట్టిపడిన పైభాగం ఒకసారి పోతే తిరిగి రాదు.

పని మొదలుపెట్టే ముందే పగిలిన పైపో, మూసుకుపోయిన మోరీయో ఉందేమో చూసి చెమ్మను ఆపాలి. తేలిన ఉప్పును పొడిగా ఉండగానే మెత్తని బ్రష్‌తో ఊడ్చి ఎత్తేయాలి, నీళ్లు పోస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గట్టిపడిన మట్టిని చెక్కపేడుతో గీకి, పిండిన తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు సరిపోతుంది. నడిచి నడిచి అరిగిన ఇటుకలను పారేయనక్కర్లేదు. జాగ్రత్తగా పెకలించి తిరగేసి పరిస్తే, అడుగుముఖం బాగుంటే ఇంకో తరానికి పనికొస్తుంది. సందులకు సున్నం, ఇసుక, సుర్ఖీ (ఇటుక పొడి) కలిపిన గచ్చు వేసి, తడి గోనెపట్టాలు కప్పి నిదానంగా ఆరనివ్వాలి. ఖర్చు కన్నా ఓపికే ఎక్కువ కావలసిన పని ఇది.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో, గత శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నపు గచ్చే చేశారు. అంటే ఈ పని తెలిసిన చేతులు మన నగరంలోనే ఉన్నాయి, వారిని వెతికి పట్టుకోవడమే మామూలు ఇంటివారికి కష్టంగా ఉంది. హెరిటేజ్ తెలంగాణ శాఖ అలాంటి మేస్త్రీల జాబితాను వార్డు కార్యాలయాల్లో అందుబాటులో ఉంచి, వారి దగ్గర యువకులకు పని నేర్పించే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
శాలిబండ, హైదరాబాద్