బలం కావాలి, ఒళ్లు వద్దు అన్నావు కదా బావా

బావా,

నీ మెసేజ్ చదివాను. బలం పెరగాలి గానీ ఒళ్లు పెరగకూడదు, ఇది కుదిరే పనేనా, లేకపోతే జిమ్‌లో కుర్రాళ్లు అన్నట్టు రెండూ కలిసే వస్తాయా అని అడిగావు. కుదురుతుంది. రెండింటినీ పూర్తిగా విడదీయలేం, ఆ సంగతి తర్వాత చెప్తాను, కానీ నీ అవసరానికి సరిపడా తప్పకుండా కుదురుతుంది. పొద్దున్నే గుణుపురం రోడ్డు మీద పరుగు, ఆ తర్వాత షాపులో బియ్యం బస్తాలు దించడం, ఇదీ నీ రోజు. అదనంగా అయిదు కిలోల కండ వస్తే దాన్ని మోసుకుంటూ పరిగెత్తాల్సింది నువ్వే కదా. కాబట్టి నీ ప్రశ్న సరైనదే, ఎవరు నవ్వినా పట్టించుకోకు.

మన వైపు చిక్కేంటంటే, బలం అనగానే అందరికీ మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారే గుర్తొస్తారు. వీరఘట్టం మనకేం దూరం, ఆయన కథలు వింటూనే పెరిగాం, ఆ భారీ మనిషి ఫోటో కళ్లలో నిలిచిపోయి బలమంటే అంత ఛాతీ, అంత భుజాలు ఉండాల్సిందే అనుకుంటాం. మరి బరంపురం వెయిట్‌లిఫ్టర్ రవికుమార్‌ సంగతి చూడు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. ఒకే ఊపులో తల మీదకి లేపే స్నాచ్‌లో 146, ముందు భుజాల దాకా, తర్వాత తల మీదకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 175, మొత్తం 321 కిలోలు. అంటే తన బరువుకి రెండున్నర రెట్లు పైనే తల మీదకి ఎత్తాడు. వెయిట్‌లిఫ్టర్లకి ఎప్పుడూ ఇదే పని, తూకంలో విభాగం దాటకూడదు, బార్ మీద బరువు మాత్రం పెరుగుతూ ఉండాలి. నువ్వు అడిగేది కూడా అదే.

ఇది ఎలా సాధ్యం అంటే, బలంలో సగం కథ నరాలది. ఒక్కో నరం కండలో కొన్ని పోగుల్ని కలిపి ఆడిస్తుంది, ఈ జట్టునే మోటార్ యూనిట్ అంటారు. తేలిక పనికి చిన్న జట్లే కదులుతాయి, బరువు పెరిగేకొద్దీ పెద్దవి కూడా దిగుతాయి. అలవాటు లేనివాడి ఒంట్లో ఆ పెద్ద జట్లు పూర్తిగా పలకవు, పలికినా అందుకు తగ్గ వేగంతో సంకేతాలు అందవు, పైగా ఎదురు కండ కూడా బిగుసుకుని పనికి అడ్డం పడుతుంది. మన రథయాత్రలో తాడు పట్టినవాళ్లు ఎంతమంది ఉన్నా తలో క్షణాన లాగితే రథం కదలదు, ఒక్క కేక మీద లాగితే కదులుతుంది, అక్కడ జనమేం పెరగలేదు కదా. 1979లో మోరిటానీ, డివ్రీస్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు, సాధన మొదలుపెట్టిన తొలి వారాల్లో వచ్చే బలం ఎక్కువగా నరాల వల్లే, కండ పెరుగుదల వాటా తర్వాత తర్వాత వస్తుంది. నాకు భలే నచ్చే విషయం ఇంకోటుంది, ఒక్క కుడిచేతికే బరువులతో సాధన చేయించినా ఎడమచేతికి కూడా కొంత బలం వస్తుంది. ఆ చేతికి పనే చెప్పలేదు!

ఇక చేయాల్సిన పని. నీకు నేల మీది బార్‌ని నిటారుగా నిలబడేదాకా లేపే డెడ్‌లిఫ్ట్‌లో ఒక్కసారికి గరిష్ఠంగా 100 కిలోలు లేస్తాయనుకో, 85 నుంచి 90 కిలోలు పెట్టుకుని రెండు మూడు సార్లు ఎత్తి దించేయ్, దీన్నే ఒక సెట్ అంటారు. ఇంకో ఒకటి రెండు సార్లు ఎత్తగలను అనిపిస్తున్నప్పుడే ఆపాలి. తర్వాత మూడు నుంచి అయిదు నిమిషాలు కూర్చో. ఇదే మనవాళ్లకి ఎక్కదు, చెమట కారకపోతే, ఆయాసం రాకపోతే వ్యాయామం చేసినట్టే అనుకోరు. కానీ అలాంటి బరువుకి కండలో తక్షణం ఖర్చయ్యే ఇంధనం మళ్లీ నిండడానికి ఆ నిమిషాలు కావాలి, తొందరపడితే తర్వాతి సెట్ బలం సాధన కాదు, అలుపు సాధన అవుతుంది. ఇలా నాలుగైదు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు చాలు. డెడ్‌లిఫ్ట్, భుజాల మీద బార్‌తో బస్కీ తీసే స్క్వాట్, తల మీదకి నెట్టే ప్రెస్, కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాగే పుల్‌అప్, ఇవి ఉంటే నీకు ఇంకేం అక్కర్లేదు.

కండ పరిమాణం పెరిగేది ఎక్కువగా సెట్లు గుట్టలుగా చేసి, ప్రతిదాన్నీ ఇక చేతకాదు అనేదాకా లాగి, పైగా బాగా తింటేనే. అది పది సార్లు ఎత్తే బరువుతోనూ జరుగుతుంది, ఇరవై సార్లు ఎత్తే బరువుతోనూ జరుగుతుంది. అందుకే మోచేయి మడుస్తూ బరువు ఎత్తే బైసెప్స్ కర్ల్స్ లాంటివి పక్కన పెట్టు, వాటి అవసరం నీకు లేదు.

తిండి గురించి మీ అమ్మతో గొడవ పడకు. బరువు నిలకడగా ఉండేంత తింటే చాలు, పెరుగుతుంటే అన్నం కాస్త తగ్గించు, అంతే. అంబలి, పప్పు, గుడ్లు, చేపలు ఎలాగూ ఉన్నాయి కదా. ఒళ్లు పెరుగుతుందని భయపడి మాంసకృత్తులు మానేయడం మాత్రం తప్పు, అవి ఒంటి మరమ్మత్తుకి కావాలి. మిగులు తిండి లేకుండా కండ పెద్దగా పేరుకోదు.

పైన ఆపిన సంగతి ఇప్పుడు చెప్తాను. కొత్తవాడివి కాబట్టి తొడల్లో, వీపులో కొంచెం కండ రాకమానదు. కండ మందం పెరిగితే బలం పెరుగుతుందన్నది కూడా నిజమే, నరాలు ఇవ్వగలిగినంతా ఇచ్చాక ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతావు. ఆ రోజు రావడానికి చాలా టైం ఉంది, ఇప్పుడే టెన్షన్ పడకు.

ఒక్క జాగ్రత్త. మొదటి కొన్ని వారాలు తేలిక బరువుతో అయిదేసి సార్లు చేస్తూ భంగిమ నేర్చుకో, వీపు గుండ్రంగా వంగకూడదు. పెద్ద బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, ఆ క్షణంలో రక్తపోటు చాలా పైకి వెళ్తుంది, మీ ఇంట్లో బీపీ ఉంది కాబట్టి ముందు ఒకసారి చూపించుకో. సంక్రాంతికి సంగిడీలు, అంటే బరువైన రాళ్లు, ఎత్తే పోటీలో పేరు ఇవ్వాలని ఉంది అన్నావు, ఇవ్వు, కానీ ఆ వారం జిమ్ తగ్గించు. గట్టి పరుగు ఉన్న రోజున కాళ్ల బరువులు పెట్టుకోకు.

జిమ్ మూసి ఉంటే దండీలు, బస్కీలు వందలు తీయడం కన్నా కష్టమైనవి కొన్నే తీయడం మేలు. ఒంటికాలి బస్కీ, ఒంటిచేతి దండీ, వీపుకి సంచీ కట్టుకుని పుల్‌అప్.

మీ చెల్లి కూడా చేస్తానంటే మగాడిలా అయిపోతావని అంటున్నారట. ఆ మాట నాకు కోపం తెప్పిస్తుంది. ఆడవాళ్లలో కండ పెంచే హార్మోన్ టెస్టోస్టిరాన్ మగవాళ్ల కంటే చాలా తక్కువ, వాళ్లకి కండ అంత తేలిగ్గా పేరుకోదు. ఆముదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది, పర్లాకిమిడి నుంచి ఆ ఊరు ఎంత దూరం? చెల్లిని చేయనివ్వు, నీ షెడ్యూలే తనకీ సరిపోతుంది, బరువులే మారతాయి.

ఇప్పుడు నీకు ఏది ఎంత లేస్తోందో రాసి పంపు, లేదా ఆదివారం రైలెక్కి వచ్చేయ్. తొలి నెలకి బరువులన్నీ కూర్చుని లెక్క కట్టేద్దాం. కాటా మీద నీ బరువు కూడా చూసుకుని రా, పొద్దున్నే, ఏమీ తినకముందు.

నీ
బావ