ఉమ్మడి పని కేంద్రాలకు నిర్వహణ నిధులేవి?

సంపాదకులకు నమస్కారం.

ఊరు విడిచి వెళ్లకుండానే ఉద్యోగం చేసుకునేవారి కోసం గ్రామీణ ప్రాంతాల్లో ప్రభుత్వమే ఉమ్మడి పని కేంద్రాలు (వేర్వేరు సంస్థల ఉద్యోగులు ఒకేచోట కూర్చుని పనిచేసుకునే చోట్లు) నెలకొల్పాలన్న ప్రతిపాదన స్వాగతించదగినదే. అయితే చర్చంతా భవనం, బల్లలు, కంప్యూటర్ల దగ్గరే ఆగిపోతోంది. ప్రారంభోత్సవం ముగిశాక వాటిని నడిపేదెవరన్నది ఎవరూ అడగడం లేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. సొంత కంప్యూటరు చాలామందికి అందుబాటులో లేని 1985లోనే స్వీడన్‌లోని వెమ్‌దాలెన్ అనే పల్లెలో ఇలాంటి కేంద్రం వెలిసింది. ఐర్లాండ్ ప్రభుత్వం 2021లో ప్రకటించిన గ్రామీణాభివృద్ధి విధానంలో 400కు పైగా కేంద్రాలను ఒకే వ్యవస్థగా కలపాలని సంకల్పించింది. దూరం నుంచి పనిచేసేందుకు అనుమతి కోరే హక్కును 2023లో చట్టం ద్వారా ఉద్యోగులకు కల్పించింది. నా దృష్టిలో ఆ సంఖ్య కన్నా ఈ హక్కే ముఖ్యం, ఎందుకంటే యజమాని ఒప్పుకోనప్పుడు ఎంత చక్కని కేంద్రమైనా ఖాళీగానే ఉంటుంది.

ఇంటర్నెట్ ఉందనగానే పని జరుగుతుందనుకోవడం మరో పొరపాటు. స్పష్టమైన వీడియో సమావేశానికి ఒక్కొక్కరికి రెండు వైపులా సుమారు 3 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేగం కావాలి కాబట్టి, పదిమంది ఒకేసారి మాట్లాడితే అప్‌లోడ్‌కే 30 ఎంబీపీఎస్ అవసరమవుతుంది. డౌన్‌లోడ్ వేగం మాత్రమే చూసి కనెక్షన్ తీసుకున్న చోట ఈ సంగతి మొదటిరోజే బయటపడుతుంది. ఒకటి ఆగినా మరొకటి పనిచేస్తుందని రెండు కంపెనీల నుంచి లైన్లు తీసుకున్నా, రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒక్క గాలివానకు రెండూ తెగిపోతాయి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లతో పాటు రౌటరుకు కూడా బ్యాటరీ ఆధారం ఉండాలి.

ఖాతాదారుల వివరాలు మాట్లాడేవారికి తలుపు వేసుకునే చిన్న గదులు తప్పనిసరి. గ్రంథాలయంలో నాలుగు బల్లలు వేస్తే చాలనేవారు, ఫోన్లో మాట్లాడేవారికీ చదువుకునేవారికీ పొసగదని గుర్తించాలి. విదేశీ సంస్థలకు పనిచేసేవారికి రాత్రివేళలే కీలకం గనుక, ఆఫీసు వేళలకే తాళం వేసే కేంద్రం వారికి అక్కరకు రాదు. రాత్రి తెరిచి ఉంచాలంటే కాపలా, వీధి దీపాలు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలి. ఇవి లేని చోటికి మహిళలు రారు.

వీటన్నిటికీ నెలనెలా డబ్బు కావాలి. వాడకందారుల రుసుముతోనే నడవాలని తొలినాడే షరతు పెడితే, రుసుము పెరిగి, వచ్చేవారు తగ్గి, కేంద్రం మూతపడుతుంది. కాబట్టి భవనానికి నిధులు మంజూరు చేసే ఉత్తర్వులోనే కనీసం మూడేళ్ల నిర్వహణ ఖర్చునూ, ఒక పూర్తికాలపు నిర్వాహకుడి జీతాన్నీ చేర్చాలని, ఏ కేంద్రాన్ని ఎందరు వాడుతున్నారో ప్రతి నెలా ప్రజలకు వెల్లడించాలని ప్రభుత్వాలను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు