దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్న వంశీకి అమ్మ ఉత్తరం

చిరంజీవి వంశీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. పెదనాన్న మోకాలు కుదుటపడింది. చిన్ని పరీక్షలు బాగా రాసింది. నీ గది కిటికీ గడియ నాన్న బాగుచేశారు. నీ ఫోను రాక చాలా రోజులైంది, నడిసముద్రంలో సిగ్నల్ దొరకదని తెలుసు కాబట్టి ఆ సంగతి ఎత్తను.

కిందటిసారి "దక్షిణ అట్లాంటిక్‌లో తుపానులు పుట్టవమ్మా, నిశ్చింతగా ఉండు" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచే నాకు నిద్ర కరువైంది. అరుదు అన్నది నిజమే. అక్కడ పైగాలులు ఒక తీరుగా, కింది గాలులు ఒక తీరుగా వీచి, మేఘాలు సుడిగా కూడుకోకముందే చెదరగొడతాయి. నీళ్లూ అంత వెచ్చగా ఉండవు. కానీ అరుదు వేరు, అసలు లేకపోవడం వేరు కదా నాయనా.

2004 మార్చి సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా నేను చదివింది చెబుతాను. బ్రెజిల్ తీరానికి దూరంగా మామూలు అల్పపీడనం ఒకటి ఏర్పడింది. అలాంటివి తూర్పుగా సాగి సముద్రంలోనే సద్దుమణగాలి. ఇది కొంత దూరం పోయి, దారి మూసుకుపోవడంతో వెనక్కి తిరిగి తీరం పట్టింది. చెదరగొట్టే పైగాలులు ఆ రోజుల్లో నెమ్మదించాయి. తుపానుకు 26.5 డిగ్రీల నీళ్లు కావాలని లెక్క. అక్కడున్నవి దాదాపు 25 డిగ్రీలే. అయినా పై వాతావరణం మామూలుకన్నా చల్లగా ఉండడంతో ఆ వేడే సరిపోయింది. ఉపగ్రహ చిత్రంలో నట్టనడుమ కన్ను గుండ్రంగా కనిపిస్తున్నా, అది హరికేన్ (పెనుతుపాను) అవునా కాదా అన్న దానిపై అమెరికా, బ్రెజిల్ నిపుణులకు మాట కుదరలేదు. పెట్టడానికి పేర్ల జాబితా కూడా లేదు. 27 రాత్రి, తెల్లవారితే 28 అనగా, గంటకు 150 కిలోమీటర్లు మించిన గాలితో శాంటా కాటరీనా రాష్ట్రం దగ్గర తీరం దాటింది. వేల ఇళ్లు దెబ్బతిన్నాయి, అరటి తోటలు నేలమట్టమయ్యాయి. చివరికి ఆ రాష్ట్రం పేరుతోనే 'కాటరీనా' అన్నారు. సముద్రం మీదున్న జాలర్లు కొందరు తిరిగి రాలేదు. అక్కడికి వచ్చేసరికి ఇక చదవలేకపోయాను.

"వాడున్నది పెద్ద ఓడ" అంటారు నాన్న. 2001 డిసెంబరులో సింగపూర్ దగ్గర వామీ అనే తుపాను దెబ్బతీసినవి అమెరికా యుద్ధనౌకలు. అదీ భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దూరంలో పుట్టింది. ఐదు డిగ్రీల లోపల భూభ్రమణ ప్రభావం చాలదు, సుడి తిరగదు అనే కదా మీ పుస్తకాల్లోనూ ఉన్నది?

నీ ఉద్యోగం నీకు నేర్పాలని కాదు. కానీ బారోమీటరులో గాలి పీడనం ఆగకుండా పడిపోతుంటే, పేరు పెట్టేదాకా ఆగవద్దు. 2011 నుంచి అక్కడి తుపానులకు బ్రెజిల్ నౌకాదళమే పేర్లు పెడుతోంది, వాళ్ల హెచ్చరికలు ఒక్కటీ వదలకు. గాలికి వీపు పెట్టి నిలబడితే భూమధ్యరేఖకు ఉత్తరాన మన వైపు తుపాను కేంద్రం ఎడమన ఉంటుంది, దక్షిణాన నువ్వున్న వైపు కుడిన. నిద్రమత్తులో తారుమారు చేసుకోకు. ఉన్నట్టుండి గాలి ఆగిపోతే డెక్ మీదికి వెళ్లకు, అది కన్ను కావచ్చు. కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి అంతే గాలి కొడుతుంది.

రేవు చేరగానే ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా పరవాలేదు, నాన్న కూడా మేలుకునే ఉంటున్నారు. నీ బూట్ల అడుగులు అరిగిపోయాయని చిన్నితో అన్నావట. తడి డెక్ మీద వాటితో తిరగకు, ముందు కొత్తవి కొనుక్కో.

ఇట్లు,
అమ్మ