మల్లి ఇంటి ముందు ఆగిన పల్లకి

మెల్‌బోర్న్

పూజ్యులైన బాపుకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని చెల్లె చెప్పగా మనసు కుదుటపడింది.

పోయిన శనివారం నాలుగు కుటుంబాల వాళ్లం మా ఇంట్లో కూర్చొని 1951 నాటి ‘మల్లీశ్వరి’ చూశాం. భోజనాల దగ్గర మొదలైన చర్చ అర్ధరాత్రి దాకా సాగింది. కథ నెమ్మదిగా నడిచిందని కొందరన్నారు. దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు నడిపింది ఎడ్లబండి నడకే, ఆ కథకు అదే తగినదని నా అభిప్రాయం.

ఒక అబ్బాయి మాత్రం ఆ నగలూ బట్టలూ కృష్ణదేవరాయల కాలానివి కావనీ, స్టూడియోలో పుట్టినవనీ గట్టిగా వాదించాడు. అప్పుడు నాకు రామప్ప గుడి గుర్తొచ్చింది. చిన్నప్పుడు మీరు నన్ను పాలంపేటకు తీసుకుపోయి, చూరు కింది నల్లరాతి మదనికల్లో, అంటే ఆ అందగత్తెల శిల్పాల్లో, ఒకామె పాదాలు చూపించి, “ఆ చెప్పుల మడమలు చూడు బిడ్డా” అన్నారు. రాయల కంటే దాదాపు మూడు వందల ఏండ్ల ముందు, 1213లో కట్టిన గుడి మీది ఆ ఎత్తు మడమలను ఎవరైనా సినిమాలో చూపిస్తే ముందుగా తప్పుపట్టేది మనమే. మల్లిగా నటించిన భానుమతి గారి కట్టూబొట్టూ అచ్చంగా ఆ కాలానివేనని నేను అనను. కానీ మన కంటికి కొత్తగా కనబడినంత మాత్రాన అబద్ధమనడానికి లేదని అతనికి చెప్పాను.

అందరికంటే లోతైన మాట ఒక అక్క అన్నది. చివర రాయలు ప్రేమికులైన మల్లినీ నాగరాజునూ క్షమించి పంపగానే కథ ఆయనను మంచివాణ్ణి చేసి వదిలేసిందని ఆమె బాధ. నాకూ అదే నిజమనిపించింది. వాన కురిసిన రాత్రి పాడుబడ్డ మండపంలో, మారువేషంలో ఉన్నది రాజని తెలియక, మల్లికి పల్లకి పంపించమని నాగరాజు వేళాకోళంగా అంటాడు. ఆ మాట పట్టుకొని నిజంగానే మల్లిని రాణివాసానికి తీసుకుపోయే పల్లకి వచ్చి ఇంటి ముందు ఆగుతుంది. తల్లి సంబరపడుతుంది, మల్లి ఇష్టం మాత్రం ఎవరికీ పట్టదు. రాయలకు చెడు తలంపు లేదు, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. అందుకే ఆ పల్లకిని చూస్తే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే రాజు చేసే మేలును వద్దనే దారి ఆ పిల్లకు లేదు. ఆ రాణివాసంలో ఉన్న మల్లిని నాగరాజు దొంగచాటుగా కలిసిన నేరాన్నే ఆయన చివర క్షమిస్తాడు, ఆ నేరం కూడా తన పల్లకి తెచ్చిపెట్టినదే కదా.

మీరూ అమ్మా ఈ సినిమాను హన్మకొండలో హాలులో చూశామని చెప్పేవారు. ఆ పల్లకి వచ్చినప్పుడు పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఏమనుకున్నారో అమ్మను అడిగి రాయండి.

మీ కొడుకు