మంత్రిగారూ, మాది ప్రేమ కాదు, భయం

తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. చెన్నైలో ఒక లైబ్రరీలో (పేరెందుకు లెండి) పాతికేళ్లుగా లైబ్రేరియన్‌గా చేస్తున్న తెలుగువాణ్ణి. గ్రంథాలయాలు మీ శాఖ కిందే ఉన్నాయి కనుక మీకే రాస్తున్నాను. తెలుగులో రాశానని ఇబ్బంది పడకండి, తెలుగువాడు లేని ఆఫీసు చెన్నైలో ఉండదు. ఎవరో ఒకరు చదివి చెప్తారు.

ఏటా ఆగస్టు 12న, గ్రంథపాలకుల దినోత్సవం నాడు, మాకు శాలువాలు కప్పి "వీళ్లకు పుస్తకాలంటే ప్రాణం" అంటారు. మా వియ్యపురాలిదీ అదే మాట. "మీకేం అన్నయ్యగారూ, హాయిగా ఫ్యాను కింద కూర్చుని నవలలు చదువుకుంటారు."

చదివేదెక్కడండీ! పొద్దున్నే పోటీ పరీక్షల కుర్రాళ్లు కుర్చీల మీద వేసిన చేతిరుమాళ్ల తగాదా తీర్చాలి. తిరిగొచ్చిన పుస్తకాల్లోంచి బస్సు టికెట్లు, ఎండిన కరివేపాకు రెమ్మలు ఏరాలి. మొన్నొక డిటెక్టివ్ నవల పన్నెండో పేజీలో ఎవరో పెన్సిల్‌తో "హంతకుడు డాక్టరే" అని రాశారు. రబ్బరు పెట్టి తుడిచాను. ఆ నెల నేను చదివిన సాహిత్యం అంతే.

పుస్తకం బయటికివ్వడానికి మాకు చేతులు రావంటారు చూశారూ, అది మాత్రం నిజం. బీరువా తాళంచెవి నా మొలతాడుకే ఉంటుందని మా అటెండరు జోకు. కానీ అది ప్రేమ కాదండీ, స్టాక్ వెరిఫికేషన్ టెన్షన్. ఒకసారి రెండు పుస్తకాలు తగ్గితే, తనిఖీకి వచ్చినాయన రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి నా జీతంలోంచి కోయించారు. అందులో ఒకటి వంటల పుస్తకం. డబ్బు కట్టి కూడా దాన్ని ఇంటికి తేలేదని మా ఆవిడ ఇప్పటికీ సణుగుతుంది.

1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరిన లెక్కల మాస్టారు రంగనాథన్ గారు 1931లో అచ్చువేసిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదే, పుస్తకాలున్నది వాడుకోడానికని. వాడితే చిరుగుతాయి, ఒకటీ అరా పోతాయి. కేంద్రం వారి 2017 ఆర్థిక నిబంధనలు కూడా, మోసం, నిర్లక్ష్యం లేనంతవరకు, ఏడాదిలో పాఠకుల చేతికెళ్లిన 1000 పుస్తకాలకు 5 పోవడం మామూలేనంటాయి. చెన్నై జనం ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు కడుతున్నారు. పుస్తకాలు వాళ్లవి, తాళం నాది!

ఈసారి శాలువా వద్దు. ఆ ఐదు పుస్తకాల లెక్క మా చిన్న లైబ్రరీల్లోనూ పాటించమని ఒక సర్క్యులర్ ఇప్పించండి. అందిన రోజే బీరువా తీస్తాను.

ఆ వంటల పుస్తకం పట్టుకెళ్లినవారు ఇది చదువుతుంటే, తెచ్చివ్వక్కర్లేదు. గోంగూర పచ్చడి పేజీ ఫొటో తీసి లైబ్రరీకి పంపండి చాలు, మా ఆవిడకి చూపిస్తాను.

ఇట్లు,
ఒక లైబ్రేరియన్, చెన్నై